నీళ్లు తాగని పలక: నరసాపురం షెడ్డులో చేసిన ఒక సర్ఫ్ బోర్డు కేస్ స్టడీ

సంక్రాంతి సెలవుల్లో మా అక్క కూతురు ఆటో మీద ఒక థర్మకోల్ దిమ్మ కట్టించుకుని మా షెడ్డుకి వచ్చింది. దిమ్మ మధ్యలో అడుగున్నర మేర గుంట పడింది. గుంట అంచులు బెల్లం పాకం ఆరినట్టు గట్టిపడి ఉన్నాయి. "మావయ్యా, నువ్వు పడవలకి వేసే రెసినే వేశాం. కళ్లముందే లోపలికి దిగిపోయింది. ఎందుకలా అయింది?" అని అడిగింది.

తను విశాఖలో చదువుకుంటూ రుషికొండ దగ్గర సర్ఫింగ్, అంటే పలక మీద నిలబడి కెరటంతో పాటు జారే ఆట, నేర్చుకుంది. ఇంటికి వచ్చినప్పుడు పేరుపాలెం కెరటాల మీద ఆడుకోవడానికి సొంత బోర్డు కావాలి. కొనాలంటే డబ్బు చాలదు. అందుకని స్నేహితులతో కలిసి తనే చేయబోయింది. నేను 22 ఏళ్లుగా ఫైబర్ పడవల పనిలో ఉన్నాను. కొత్త పడవలు తక్కువ, రిపేర్లు ఎక్కువ. సర్ఫ్ బోర్డు ఎప్పుడూ చేయలేదు. అయినా ఆ గుంట ఎందుకు పడిందో మాత్రం చూడగానే తెలిసింది.

పడవలకి వాడేది పాలిస్టర్ రెసిన్, అంటే ఫైబర్ మీద పోస్తే గట్టిపడే జిగట ద్రవం. దాన్ని పల్చగా పారేలా చేసేది అందులో కలిసి ఉండే స్టైరిన్. థర్మకోల్ అంటే పాలిస్టైరిన్, అంటే ఆ స్టైరిన్‌తోనే తయారైన నురగ. స్టైరిన్ తగిలితే అది కరిగిపోతుంది. ఎంత పల్చగా వేసినా, ఎంత త్వరగా గట్టిపడేలా కలిపినా ఆగదు. ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. 1940ల చివర్లో కాలిఫోర్నియాలో బాబ్ సిమ్మన్స్ ఇలాంటి నురగకి పైనా కిందా ప్లైవుడ్ అతికించి బోర్డులు చేశాడు. 1950ల చివరికి హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురెథేన్ నురగ వైపు వెళ్లారు. దాన్ని పాలిస్టర్ రెసిన్ కరిగించదు. తర్వాత క్లార్క్ పెట్టిన కంపెనీయే దశాబ్దాలపాటు బోర్డులు చేసేవాళ్లకి దిమ్మలు అందించింది. 2005 డిసెంబరులో అది ఉన్నట్టుండి మూతపడటంతో చాలామంది మళ్లీ పాలిస్టైరిన్ నురగ, ఎపాక్సీ రెసిన్ జోడీ వైపు చూశారు. ఎపాక్సీలో స్టైరిన్ ఉండదు కాబట్టి థర్మకోల్‌కి హాని లేదు.

మా దగ్గర సర్ఫ్ బోర్డుకి పనికొచ్చే పాలీయురెథేన్ దిమ్మలు దొరకవు. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని థర్మకోల్‌కి కొదవ లేదు. కాబట్టి దారి ఒకటే, థర్మకోల్ మీద ఎపాక్సీ. "నేను చేసిపెడతాను, నువ్వు పక్కన ఉండి లెక్కలు రాయి" అన్నాను. తను రాసిపెట్టిన నోట్‌బుక్ లేకపోతే ఈ కేసు ఇంత వివరంగా చెప్పగలిగేవాణ్ని కాదు.

కెరటం, మనిషి, కొలతలు

గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు, ఇసుక మన తీరం ముందు మెల్లటి వాలుగా పరుచుకుని ఉంటాయి. పేరుపాలెంలో మేం చూసిన కెరటం చాలావరకు దూరంలోనే విరిగి, నురగై, బలం తగ్గి వస్తుంది. ఒడ్డు దగ్గరకొచ్చాక మళ్లీ ఒకసారి నిలువుగా లేచి దబ్బున పడుతుంది. మొదటిదానికి వెడల్పుగా, అడుగు చదునుగా ఉండే బోర్డు కావాలి. నీరసమైన కెరటాన్ని కూడా అందుకోగలగాలి. రెండోదానికి ముక్కు పైకి లేచి ఉండాలి, లేకపోతే ఇసుకలో గుచ్చుకుంటుంది. పాత తెప్పల ముక్కు పైకి లేపి కట్టింది కూడా ఇలాంటి ఒడ్డు కెరటాన్ని దాటడానికే.

అమ్మాయి బరువు 54 కిలోలు. నేర్చుకుంటున్న దశలో ఉన్నవాళ్లకి కిలోకి ఒక లీటరు, ఇంకాస్త ఎక్కువ చొప్పున బోర్డు ఘనపరిమాణం ఉంటే సుఖంగా తేలుతుంది. మేం 58 లీటర్ల దగ్గర ఆగాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 22 అంగుళాలు, మధ్యలో మందం 3 అంగుళాలు. ముక్కు ఎత్తు 4.5 అంగుళాలు, తోక ఎత్తు 2 అంగుళాలు. పొడవు 8 అడుగులే ఎందుకంటే మెరైన్ ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులు. బోర్డు మధ్యలో నిలువుగా పెట్టే వెన్నుచెక్కని అతుకు లేకుండా ఒకే ముక్కలో కోసుకోవచ్చు. సముద్రంలోకి వెళ్లే వస్తువులో ఒక అతుకు తగ్గినా మంచిదే.

దిమ్మ

రొయ్యలు ప్యాక్ చేసే పెట్టెలు ఇంటి చుట్టూ ఎన్ని ఉన్నా అవి దీనికి పనికిరావు. అవి అచ్చులో పోసిన పల్చటి గోడలు. భీమవరంలో కోల్డ్ స్టోరేజీల ఇన్సులేషన్ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, షీట్లుగా కోయకముందే దిమ్మగా ఇమ్మని అడిగాం. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు మందం.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేశాం. ప్రతి రకంలోనూ 10 సెంటీమీటర్ల ఘనం కోయించి బంగారం తూచే కాటాలో పెట్టాం. 10 సెంటీమీటర్ల ఘనం అంటే సరిగ్గా ఒక లీటరు. అది ఎన్ని గ్రాములు తూగితే ఆ నురగ ఘనపు మీటరుకి అన్ని కిలోలు. ఒక ముక్క 11 గ్రాములు తూగింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంకొకటి 20 గ్రాములు తూగింది. దాంట్లో గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, విరిస్తే గింజ మధ్యలోంచే తెగింది. మొదటిది విరిస్తే గింజలు రాలాయి. గింజల మధ్య సందు ఉన్నచోట నీళ్లు నడుస్తాయి. బరువు పెరిగినా 20 గ్రాములదే తీసుకున్నాం.

ఆ మందంలో ఒకదాని కింద ఒకటిగా రెండు బోర్డుల పలకలు వచ్చాయి. అప్పట్లో పొదుపు కోసం అలా కోశాం. తర్వాత అది ఈ కేసులో అన్నిటికంటే విలువైన విషయమైంది. రెండు బోర్డులూ ఒకే దిమ్మలోవి, ఒకే మూసతో కోసినవి, ఒకే కొలతలవి. తేడా అంతా పైన గుడ్డ, రెసిన్‌తో వేసే పొరలోనే. కాబట్టి ఒకటి పాడై ఇంకొకటి నిలిచిందంటే, కారణం ఎక్కడ వెతకాలో మాకు సందేహం లేదు.

కోయడానికి నిక్రోమ్ తీగని (హీటర్లలో వేడెక్కే తీగ) వెదురు విల్లుకి బిగించి 12 వోల్టుల బ్యాటరీకి కలిపాం. వేడెక్కితే తీగ సాగుతుంది, విల్లు వంపు దాన్ని బిగువుగా పట్టి ఉంచుతుంది. దిమ్మకి రెండు వైపులా ప్లైవుడ్ మూసలు పెట్టి, వాటిమీద అంగుళానికొక గీత గీసి అంకెలు వేశాం. అటు నేను, ఇటు అమ్మాయి. "పది... పదకొండు... పన్నెండు" అని ఇద్దరం పైకి చెప్పుకుంటూ ఒకే వేగంతో నడవాలి. ఒకరు ముందు పోతే పలక మెలితిరుగుతుంది. పొగ పీల్చకూడదు కాబట్టి ఈ పని ఆరుబయటే చేశాం.

చెక్కడం

దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే భయపడినంత కష్టం కాలేదు. పలకని నిలువునా రెండుగా కోసి మధ్యలో 6 మిల్లీమీటర్ల ప్లై వెన్నుచెక్క పెట్టి అతికించాం. బిగించడానికి పాత సైకిల్ ట్యూబులు చాలు. జిగురు పైఅంచుకి అరంగుళం లోపలే ఆగాలి. పైకి వస్తే గట్టిపడిన జిగురు గీత అలాగే నిలబడి, పక్కనున్న మెత్తటి థర్మకోల్ మాత్రం అరిగిపోయి గాడి పడుతుంది. ముందు చిన్న చిత్రికతో వెన్నుచెక్కని దించుకోవాలి, తర్వాత పొడవాటి చెక్కకి చుట్టిన ఉప్పుకాగితంతో నురగని దాని మట్టానికి తేవాలి.

అంచులకి వడ్రంగులు నలుపలకల కర్రని గుండ్రంగా చేసే పద్ధతే వాడాం. ముందు మూల కొట్టి ఒక పట్టె, ఆ పట్టె రెండు మూలలు కొట్టి మరో రెండు, చివరికి ఉప్పుకాగితం పట్టీతో గుండ్రం. తోక దగ్గర ఆఖరి 12 అంగుళాలు మాత్రం కింది అంచు పదునుగా ఉండాలి, నీరు అక్కడ బోర్డుని వదిలి వెళ్లిపోవాలి. ఈ పనంతా రాత్రిపూట, పెద్ద లైట్లు ఆర్పి, పక్కనుంచి ఒక ట్యూబ్‌లైట్ మాత్రం పెట్టుకుని చేశాం. పగలు కంటికి కనిపించని ఎత్తుపల్లాలు ఆ వెలుగులో నీడలు పడి తెలిసిపోతాయి. పలకని తూచి, వెన్నుచెక్క బరువు తీసేసి, 20తో భాగిస్తే ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది. మాకు 58కి కాస్త పైన తేలింది.

థర్మకోల్ పొట్టు గాలికి లేచి పక్కనున్న చెరువుల్లో పడకుండా చుట్టూ తడి గోనెలు కట్టాం. చుట్టూ రొయ్యలు, చేపలు పెంచే ఊళ్లో ఇది చాలా ముఖ్యం.

రోహిణి కార్తెలో వేసిన పొర

మొదటి పలకకి పొర వేసింది మే నెలాఖరున. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలు. పడవల పనిలో మా అలవాటు ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టడం. పొద్దెక్కితే రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. ఈ బోర్డుకీ అదే చేశాను. ఉదయం 6కి షెడ్డులో 28 డిగ్రీలు, 11కి 37 డిగ్రీలు. నోట్‌బుక్‌లో ఈ రెండు అంకెల కింద ఇప్పుడు ఎర్ర గీత ఉంది.

ఎపాక్సీకి పడవ చేతులు అలవాటు పడటానికి కొంత సమయం పట్టింది. పాలిస్టర్ రెసిన్‌లో మనం హార్డ్‌నర్ అని పిలిచేది నిజానికి రసాయన చర్యని రాజేసే మందు. ఎండని బట్టి కాస్త పెంచినా తగ్గించినా రెసిన్ గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డ్‌నర్ సగం భాగస్వామి. దాని ప్రతి అణువుకీ రెసిన్ వైపు ఒక జత కావాలి. డబ్బా మీద రాసిన నిష్పత్తి తప్పితే మిగిలిపోయిన భాగం ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. షెడ్డులో పనిచేసే మా కుర్రాడు ఎండ ఎక్కువగా ఉందని అలవాటు కొద్దీ హార్డ్‌నర్ తగ్గించి పోశాడు. ఆ 300 గ్రాములు పారేశాం. ఎండకి ఆలస్యంగా గట్టిపడాలంటే వేరే రకం నిదానం హార్డ్‌నర్ కొనుక్కోవాలి, కొలత మార్చకూడదు. కలిపిన రెసిన్ లోతైన డబ్బాలో ఉంచితే తన వేడికి తనే పొగలు కక్కుతుంది. వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయాలి.

మ్యాట్ విషయం కూడా అంతే. పడవలకి వాడే ఫైబర్ మ్యాట్‌లో గాజు పోగుల ముక్కల్ని పట్టి ఉంచే బైండర్ స్టైరిన్‌లో కరిగి మెత్తబడుతుంది, అందుకే అది అచ్చు వంపుకి ఒదుగుతుంది. ఎపాక్సీలో ఆ బైండర్ సరిగా కరగదు. మ్యాట్ అట్టలా నిలబడిపోతుంది. బోర్డుకి నేత గుడ్డ కావాలి. మేం చదరపు మీటరుకి 200 గ్రాముల గుడ్డ తెప్పించి, అడుగున ఒక వరస, పైన రెండు వరసలు వేశాం. పైన ఎక్కువ ఎందుకంటే మోకాళ్లు, మడమలు ఆనేది అక్కడే.

ఇంకొక హెచ్చరిక. పాలిస్టర్ వాసన ముక్కుని మండిస్తుంది, మనిషి తనంతట తనే దూరం జరుగుతాడు. ఎపాక్సీకి అంత వాసన ఉండదు. అందువల్ల పనివాళ్లు వట్టి చేతులతో ముట్టుకుంటారు. మా కుర్రాడికి మూడో రోజున మణికట్ల మీద దద్దుర్లు లేచాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా దురద వస్తుంది. అప్పటినుంచి మా షెడ్డులో గ్లవ్స్ లేకుండా ఎపాక్సీ డబ్బా మూత తీయనివ్వడం లేదు.

పొర వేసిన రోజు ఏం జరిగిందంటే, ముందు రోజు సాయంత్రం గింజల మధ్య గుంటలు పూడటానికి ఎపాక్సీలో సన్నటి గాజు బుడగల పొడి కలిపి పలకంతా పల్చగా పూశాం. రాత్రంతా ఆరింది. ఉదయం తేలిగ్గా ఉప్పుకాగితం పట్టి, గుడ్డ పరిచి, రెసిన్ పోశాం. పెయింట్ బకెట్ మూతలోంచి కోసిన గీకుడు ముక్కతో మధ్యనుంచి అంచులకి లాగాం. 8 గంటలకి గాజులా ఉంది. పది దాటాక పైభాగమంతా సూదిమొనంత బుడగలు లేవడం మొదలైంది. నొక్కితే పోయి, రెండు నిమిషాల్లో పక్కన మళ్లీ లేచేవి. మధ్యాహ్నానికి రెసిన్ గట్టిపడింది, బుడగలు పగిలినచోట సన్నటి రంధ్రాలు మిగిలాయి. తర్వాతి కోటుతో అవన్నీ మూసుకుపోయాయని అనుకున్నాను. చూపుకి మూసుకుపోయాయి.

పూర్తయ్యాక బోర్డు 4.85 కిలోలు తూగింది. అమ్మాయి వారం పది రోజులు పేరుపాలెంలో ఆడింది. ఎనిమిది సార్లు నీళ్లలోకి వెళ్లొచ్చాక మళ్లీ తూస్తే 5.21 కిలోలు. 360 గ్రాముల నీళ్లు ఎక్కడో దూరాయి. ఎక్కడ దూరాయో వెతికేలోపే రెండో దెబ్బ తగిలింది. మధ్యాహ్నం ఎండలో అరగంట ఇసుక మీద వదిలేస్తే, పైభాగంలో అన్నం కంచమంత మేర పొర పొంగి నురగనుంచి విడిపోయింది. నొక్కితే టపటపమంది.

కోసి చూడటం

ఆ పొంగిన ముక్కని కోసి తిరగేసి చూశాం. పొర లోపలివైపు రెండు రకాలుగా ఉంది. కొన్నిచోట్ల థర్మకోల్ గింజలు పొరతోపాటే చీలి వచ్చాయి. అంటే అక్కడ పట్టు నురగ బలం కంటే ఎక్కువగా ఉందన్నమాట. కొన్నిచోట్ల మాత్రం ఒక్క గింజ లేదు, ముందు రోజు పూసిన పూత నున్నగా మెరుస్తూ కనిపించింది. వేలితో రాస్తే కాస్త జిడ్డు.

ఆ జిడ్డు ఎపాక్సీ హార్డ్‌నర్‌లోని అమైన్ అనే రసాయనం గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైకి తేలే పొర. మన తీరంలో రాత్రి గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఉప్పుకాగితం ఆ జిడ్డుని తీసేయదు, ఇంకా లోపలికి రుద్దుతుంది. నీళ్లతో కడిగితేనే పోతుంది. నేను కడగలేదు. పాలిస్టర్ పనిలో నీళ్లంటే శత్రువు కాబట్టి పొర మీద నీళ్లు పోయడమన్న ఆలోచనే నాకు రాలేదు.

బుడగలకి కారణం ఉదయపు వేళ. థర్మకోల్‌లో ఎక్కువ భాగం గాలే. పొద్దెక్కుతుంటే ఆ గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయటికి రావడానికి పచ్చి రెసిన్ తప్ప దానికి అడ్డేమీ లేదు. గాలి బయటికొచ్చిన ప్రతి రంధ్రం తర్వాత నీళ్లు లోపలికెళ్లే దారి అయింది.

పొంగు సంగతి అమ్మాయి లెక్కవేసి చూపించింది. మూసి ఉన్న గాలి 27 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే ఒత్తిడి 11 శాతం పెరుగుతుంది. వినడానికి చిన్నదే. ఒక చదరపు అడుగు మీద లెక్క కడితే దాదాపు 100 కిలోల తోపు. పైగా గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. పట్టు లేనిచోట 100 కిలోల తోపు, అదే సమయంలో మెత్తబడిన పొర. పొంగక ఏం చేస్తుంది?

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కుర్రతనంలో తెప్ప మీద వేటకి వెళ్లినవారు. విప్పిపెట్టిన బోర్డు చూసి నన్ను అడిగారు. "ఇది నీళ్లు తాగుద్దేంట్రా?"

"తాగిందండి. ఓ 360 గ్రాములు తాగింది."

"తెప్పా తాగుద్ది. కానీ కట్లు విప్పి దుంగలు ఇసకలో ఆరేస్తే మళ్లీ తేలికవుద్ది. దీన్నెలా విప్పుతావు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. నీళ్లు దూరకుండా చూడటం గురించే ఆలోచించాను గానీ, దూరాక బయటికి ఎలా వస్తాయన్నది ఆలోచించలేదు. రెండో బోర్డు రూపం మార్చకుండా పద్ధతి మార్చడానికి ఆ ప్రశ్నే మూలం.

డిసెంబరులో వేసిన పొర

ఆర్నెల్లు ఆగాం. డిసెంబరు రెండో వారంలో తుఫాను వానలు తగ్గి గాలి కాస్త పొడిబారాక రెండో పలక బయటికి తీశాం.

ఈసారి పూత వేశాక మర్నాడు నీళ్లతో తడిపి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్ది, మూడుసార్లు కడిగాం. నీరు చుక్కలుగా విడిపోకుండా పల్చగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. ఒక పూటంతా ఆరబెట్టాం. తర్వాత ఉప్పుకాగితం, ఆ తర్వాత పొడి లేకుండా గాలి కొట్టడం.

పొర వేసే రోజు పొద్దున్నే పలకని రేకుల షెడ్డులో పడుకోబెట్టాం. మధ్యాహ్నం 2కి పక్కనున్న పెంకుటిల్లు గదిలోకి మార్చాం. అక్కడ చల్లగా ఉంటుంది. 3:30కి రెసిన్ పోయడం మొదలుపెట్టాం. లోపలి గాలి అప్పటికి చల్లబడుతూ కుంచించుకుపోతోంది. ఉదయం బయటికి ఊదిన పలకే ఇప్పుడు లోపలికి పీల్చుకుంది. రెసిన్ గింజల సందుల్లోకి దానంతటదే దిగడం కంటితో చూశాం. ఒక్క బుడగ లేవలేదు. నా 22 ఏళ్ల పనిలో ఒక వస్తువు అలా నా చేతికి సహకరించడం ఎక్కువసార్లు చూడలేదు.

5:30కి ముందే గీకడం పూర్తిచేశాం, మంచు దిగకముందే. వేలు పెడితే అంటుకుని, రెసిన్ మాత్రం వేలికి రాని దశ ఒకటి ఉంటుంది. ఆ దశలోనే, రాత్రి 9కి, పైకోటు వేసేశాం. అప్పుడు రెండు కోట్లూ ఒకటిగా గట్టిపడతాయి, మధ్యలో కడగడం, గీకడం అవసరం ఉండదు. దీపపు పురుగులు పడకుండా దోమతెర కట్టాం. పొర గట్టిపడ్డాకే గదిలో బల్బులు వెలిగించి వెచ్చబెట్టాం. అంతకుముందు వెలిగిస్తే మళ్లీ గాలి బయటికి తంతుంది.

మర్నాడు తిరగేసి రెండో వైపు కూడా అదే వేళకి మొదలుపెట్టాం. అంచు మీద రెండంగుళాలు మడత. ముక్కు దగ్గర గుడ్డని చీలికలుగా కత్తిరించకపోతే ముడతలు పడుతుంది. తోక అంచు పదునుగా ఉంటే గుడ్డ దానిమీద నిలవదు. ముందు కొద్దిగా గుండ్రం చేసి పొర వేసి, గట్టిపడ్డాక టేపు కట్టి రెసిన్‌తోనే ఆ పదును తెచ్చాం. ఫిన్లు, అంటే తోక దగ్గర అడుగున ఉండే రెక్కలు, మూడు. పడవ పనిలో మిగిలిన పొరలు ఒకదానిమీద ఒకటి వేసి చేసిన పలకలోంచి కోసినవే.

పెద్దాయన ప్రశ్నకి మా జవాబు ఇత్తడి స్క్రూ. ముక్కు దగ్గర పైభాగంలో చిన్న రంధ్రం చేసి, లోపల ఇత్తడి బుష్ అతికించి, రబ్బరు వాషరుతో స్క్రూ బిగించాం. ఒడ్డు మీద ఉన్నంతసేపూ స్క్రూ వదులుగా ఉంటుంది, లోపలి గాలి వేడెక్కినా బయటికి పోతుంది. నీళ్లలోకి దిగే ముందు బిగించాలి. మర్చిపోతే ప్రమాదం కాబట్టి బోర్డుని కాలికి కట్టుకునే తాడు పట్టీకి స్క్రూడ్రైవర్ ముక్క కట్టాం. తాడు కట్టుకోవాలంటే ముందు అది చేతికి తగలాలి. రంగు తెలుపు తప్ప ఇంకోటి వేయనివ్వలేదు. అమ్మాయికి ముదురు నీలం ఇష్టం, తన మీద నాకున్న ముద్దు కంటే మే నెల ఎండ మీద భయం ఎక్కువ.

మొత్తం బరువు 4.92 కిలోలు.

నీళ్లలో

కాళ్లు జారకుండా రాసే మైనం కూడా ఇంట్లోనే చేశాం. కొవ్వొత్తుల మైనం, తేనె మైనం, నాలుగు చుక్కల కొబ్బరినూనె. కోనసీమ పక్కనే ఉన్నాం కదా అని నూనె ఎక్కువ పోస్తే మన వెచ్చటి నీళ్లలో అంతా జారిపోతుంది.

పేరుపాలెంలో పోటు ఎక్కుతున్న వేళ మొదటిసారి దించాం. రెండుసార్లు ముక్కు గుచ్చుకుంది. బోర్డు తప్పేమో అనుకున్నాం, కానీ తను మరీ ముందుకి పడుకుంటోంది. ఛాతీ ఆనాల్సినచోట ఒక గీత గీశాక ఆ ఇబ్బంది పోయింది. ఐదోసారికి నిలబడింది. తర్వాత కొలిస్తే ఎడమ అంచు కుడి అంచుకన్నా 5 మిల్లీమీటర్లు లావుగా ఉందని తేలింది, తనకి తేడా తెలియనే లేదు. మేం రాత్రుళ్లు ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఎక్కువ బెంగపెట్టుకున్నది ఈ కొలతల గురించే.

మాఘమాసంలో తీర్థం జనం వెళ్లిపోయాక అంతర్వేది వెళ్లాం. మాధవాయిపాలెం రేవులో పంటు మీద బోర్డు పెట్టుకుని సఖినేటిపల్లి దాటాం. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏరు, సముద్రం కలిసేచోట నీటి లాగుడు చాలా ఎక్కువ. అక్కడ బోర్డు దించనని ముందే ఒట్టు పెట్టించుకున్నాను. మొగకి బాగా దూరంగా, మత్స్యకారులని అడిగి వలలు లేనిచోటే దిగాలి. ఒకరోజు కాలి తాడు వల బెండు తాడుకి చుట్టుకుంది. నడుము లోతే కాబట్టి విప్పుకోగలిగింది. ఆ తర్వాత ఒక్క లాగుడుతో ఊడే పట్టీ ఉన్న తాడు కొన్నాం. నైలాన్ తాడుతో చేసిన మొదటిదాన్ని పారేశాం.

తూకం పుస్తకం

ప్రతి నెలా బోర్డుని అదే కాటా మీద, రెండు రోజులు నీడలో ఆరాక తూచాం. డిసెంబరులో 4.92. మార్చిలో 4.93. జూన్‌లో, రోహిణి కార్తె దాటాక, 4.95. పొంగు ఎక్కడా లేదు, నాణెంతో తట్టుకుంటూ వెళితే అంతా ఒకే మోత.

ఆగస్టులో వరద నీళ్లు దిగి సముద్రం ఎర్రబడ్డ రోజుల్లో 5.30 చూపించింది. వెతికితే పక్క ఫిన్ మొదట్లో వెంట్రుకంత పగులు. పంటు ఎక్కించేటప్పుడు ఎవరిదో బైకు హ్యాండిల్ తగిలింది. చూసీచూడనట్టు ఒకసారి నీళ్లలో దించాం, అంతే తాగేసింది.

పగులు చుట్టూ పొర కోసి నురగ కనిపించేదాకా తెరిచాం. ముక్కు దగ్గర స్క్రూ తీసేసి, తోక కిందికి పెట్టి షెడ్డు గోడకి నిలబెట్టాం. మొదటి రోజు తోకలోంచి ఎర్ర నీళ్లు కారాయి, తర్వాత చెమ్మ మాత్రమే. పెద్దాయన రోజూ సాయంత్రం వచ్చి ఆ రంధ్రం దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లేవారు. నాలుగో రోజు 5.12. ఎనిమిదో రోజు 5.02. పన్నెండో రోజు 4.97, ఆ పైన రెండు రోజులు కాటా కదల్లేదు.

ఆ రోజు మబ్బు లేదు. పొద్దున బోర్డుని రేకుల కింద ఉంచి, సాయంత్రం 4కి పెంకుటింటి గదిలోకి మార్చి, గది చల్లబడటం మొదలయ్యాక పగులు మీద గుడ్డ వేసి రెసిన్ పోశాను.